మామ మంద, మా వాటర్ సర్వీసింగు

పోయిన ఆదివారం మా అక్క బిడ్డ లావణ్య, దాని పెనిమిటి నరేశ్ హుజూర్‌నగర్ నుంచి వచ్చారు. వస్తూ ఒక సంచి కొత్త బియ్యం, ఒక సీసా నిండా ఉసిరికాయ తొక్కు తెచ్చారు. ఊరికే చూసిపోదామని వచ్చామన్నారు గానీ నరేశ్ కాలు ఇంట్లో నిలవలేదు. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే మా సర్వీసింగు షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పంపు మీద చెయ్యి పెట్టి ఎంత వేడెక్కిందో చూశాడు. ర్యాంపు కిందికి వంగి చూశాడు. వచ్చిపోయే బండ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. చివరికి అన్నం ముందు కూర్చున్నప్పుడు లావణ్యే బయటపెట్టింది.

"చిన్నమ్మా, మాకు రోడ్డు మీద జాగా ఉంది గదా. అండ్ల మీ లెక్కనే కార్లు కడిగే షెడ్డు పెడదామంటుండు ఈయన. లాభం ఉంటదా?"

"నెలకు ఎంత మిగుల్తదో ఉజ్జాయింపుగ చెప్పుండ్రి అత్తమ్మా," అన్నాడు నరేశ్.

"మొదటి ఏడాది మాకు రెండు గొర్లు మిగిలినయి," అన్నాను.

తమాషా చేస్తున్నాననుకున్నాడు పిల్లగాడు. తమాషా కాదు. మా ఇంట్లో లాభాన్ని రూపాయల్లో చూడటం చాలా ఆలస్యంగా మొదలైంది. అంతకు ముందు ఏ లెక్కయినా గొర్రెల్లోనే. వాళ్లు సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు గానీ, అడిగిన మాట మాత్రం నాలోనే ఉండిపోయింది. వారం నుంచి గిన్నెలు తోముతున్నా, పైపు పట్టుకున్నా షెడ్డు పెట్టిన ఆ మొదటి రోజులే కళ్ల ముందు తిరుగుతున్నాయి.

నేను కోడలిగా వచ్చిన ఇల్లు మోత్కూర్ నుంచి యాదగిరిగుట్టకు పోయే దారిలో ఉంది. మేము కురుమలం. మా మామ బీరయ్యకు అప్పుడు అరవై గొర్రెలు. ఇంటి వెనకాలే దొడ్డి. తెల్లారకముందే మా అత్త కొమురమ్మ లేచి పెంట ఎత్తి, బూడిద చల్లి, చెంబెడు నీళ్లతో చేతులు కడుక్కుని పొయ్యి అంటించేది. ఉన్ని వాసన, గొర్రెపిల్లల నోళ్ల దగ్గర పాల వాసన, తుమ్మకట్టెల పొగ, అన్నీ కలిసి ఒక్క వాసనయ్యేవి. కొత్తల్లో నాకు ముద్ద మింగుడు పడేది కాదు. "మూడు రాత్రులు పండుకో బిడ్డా, నాలుగో నాడు గీ వాసన లేకుంటె నిద్ర రాదు," అంది అత్త. అట్లాగే అయింది. మామకు చదువు రాదు, నోట్లను రంగు చూసి గుర్తుపట్టేవాడు. కానీ అరవై గొర్రెల్లో ఏది ఎవరి బిడ్డో, ఏది ఏ చెట్టు కింద ఈనిందో చెప్పగలడు. ఏ వస్తువు ధర చెప్పినా కాసేపు కళ్లు మూసుకుని గొర్రెల్లోకి మార్చుకునేవాడు. మా ఆయన సెల్‌ఫోన్ కొనుక్కున్న నాడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఒక పొట్టేలును జేబుల పెట్టుకొని తిరుగుతుండు నీ మొగడు," అన్నాడు నాతో.

ఏటా శివరాత్రికి ముందు ఆయన మందను తోలుకుని కాలువ కిందికి నడిచేవాడు. కాలువ కింద అంటే హుజూర్‌నగర్ వైపు కృష్ణ నీళ్లు పారే ఊళ్లు. అక్కడ వరి కోసిన పొలాల్లో గొర్రెలు మేస్తాయి, రాత్రిపూట అక్కడే పడుకుంటాయి. ఆ పెంట ఎరువు కోసం రైతులు వడ్లు ఇస్తారు. గొంగడి, కట్టె, రెండు కుక్కలు, సద్దిమూట. వానలు మొదలయ్యే మిరుగు నాటికి నల్లగా మాడి, బక్కగా అయి, నవ్వుకుంటూ వచ్చేవాడు. పన్నెండేళ్ల వయసులో వాళ్ల నాయినతో మొదలుపెట్టిన నడక అది. ఒక్క ఏడు కూడా తప్పలేదు.

తప్పింది మావల్లే. తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఆయన మల్లేశం పట్నంలో ఎవరిదో కారు నడిపేవాడు. పదిహేను రోజులకొకసారి ఇంటికొచ్చి, మురికి బట్టలు నాకిచ్చి, ఉతికినవి తీసుకుని పోయేవాడు. అప్పుడప్పుడే గుట్టకు జనం పెరుగుతున్నారు. రోడ్డు వెడల్పు చేశారు. శని, ఆదివారాలు వచ్చాయంటే మా ఊరి ముందు నుంచి కార్లు చీమల బారు కట్టేవి. ఆ రోడ్డు పక్కనే మాకు అర ఎకరం రాళ్ల భూమి, అందులో ఒక బోరు. ఏం వేసినా పండదు. ఒకరోజు రాత్రి అన్నం తింటూ మా ఆయన మెల్లగా మాట తీశాడు.

"బాపూ, పట్నంల రోజు పొద్దున లేస్తె ఎవని బండో కడుగుతున్న. అదేదో మన జాగల కడిగితె పైసలన్న వస్తయి. ఇంటి కాడ ఉంట."

మామ జొన్నరొట్టె తుంచుతూ తల ఎత్తలేదు. "గొర్రెను కడిగితె ఉన్నొస్తది. బండిని కడిగితె ఏమొస్తది? బురదొస్తది."

"బురదకు పైసలిచ్చెటోళ్లు ఉంటె ఇయ్యనీ, నీకేం నొప్పి?" అంది అత్త. "కొడుకు కండ్ల ముందట ఉంటడు."

మూడో రోజు మామ గొర్రెలు కొనే బేరగాడిని వెంటబెట్టుకొచ్చాడు. ఇరవై అన్నా ఉంచుకో అని అత్త బతిమాలింది. "ఇరువై గొర్లంటె మంద గాదు, యాది," అన్నాడు. అరవైనీ బండెక్కించాడు. ఎక్కిస్తూ ఒక్కొక్కదాని నుదురు మీద చెయ్యి పెట్టాడు. తర్వాత వచ్చిన డబ్బు కొడుకు చేతిలో పెట్టి, నా ముందూ అత్త ముందూ ఒక మాట చెప్పాడు.

"రెండు ఎండకాలాలు ఇంట్ల కూసుంట. మూడో ఎండకాలం నా మంద నాకు నిలబెట్టాలె, నేను కాలువ కిందికి నడవాలె. నిలబెట్టలేవా, షెడ్డు పీకి అమ్ముదం. నువ్వు పట్నం పో."

మా ఆయన సరేనన్నాడు. సరే అనడం ఎంత తేలికో అప్పుడు తెలియలేదు. ఖాళీ దొడ్డిలోంచి వాసన మాత్రం నెల రోజుల దాకా పోలేదు.

ర్యాంపు కట్టాము, రేకులు వేశాము, నీళ్ల ట్యాంకు పెట్టాము, ప్రెషర్ పంపు తెచ్చాము. బోర్డు మీద కారు బొమ్మ గీసిన పెయింటర్ దానికి ఐదో చక్రం కూడా గీసేశాడు, అదృష్టమని ఉంచేశాము. కొబ్బరికాయ కొట్టి కూర్చున్నాము. కార్లు మా ముందు నుంచే పోయేవి గానీ ఆగేవి కావు. గుట్టకు పోయేవాళ్లు దర్శనం తొందరలో ఉంటారు, తిరిగొచ్చేవాళ్లు ఇంటి తొందరలో ఉంటారు. మొదటి నెల ఊరి వాళ్ల మోటారు సైకిళ్లే వచ్చాయి. కడిగించుకున్నవాళ్లు "రాసుకో మల్లన్నా" అని పోయేవాళ్లు. వాన కురిస్తే ఎవరూ రారు, దేవుడే కడుగుతున్నాడు కదా అంటారు. వాన వెలిసిన తెల్లారి మాత్రం ఊపిరాడదు. ఆదివారం ఉరుకులాట, సోమవారం ఈగలు. ఎండాకాలంలో బండ్లు బాగా వస్తాయనుకుంటే అప్పుడే బోరు నీళ్లు లేక ఎగబోస్తుంది, అప్పుడే కరెంటు పోతుంది. పంపులో ఒక చిన్న రబ్బరు అరిగినా మోత్కూర్ దాకా పోయి రావాలి, ఆ పూట పని బందు. షాంపూ డబ్బా, డీజిలు, కరెంటు బిల్లు అన్నీ ఒక్కొక్క కాలు, ఒక్కొక్క చెవి తీసుకుని పోగా, ఏడాది చివర మిగిలినవి రెండు గొర్రెలు. అవి కొన్నామన్నమాట కాదు, అంత డబ్బు మిగిలిందని.

కానీ పని నేర్చుకున్నాము. అత్త కార్ల లోపల చీపురుతో ఊడ్చేది. సీట్ల సందుల్లో దొరికినవన్నీ ఒక పళ్లెంలో పెట్టి బండివాళ్లకు చూపించి ఇచ్చేది: పిల్లల గాజులు, ప్రసాదం పొట్లాలు, తాళాలు, ఒకసారి ఎవరిదో పన్ను. లోపల చూస్తే ఆ ఇంటి సంసారం తెలిసిపోతుందనేది. ఒక పెద్ద కారు ఊడ్చి వచ్చి నా చెవిలో, "పల్లికాయ పొట్టు ఒక్క దిక్కే ఉంది సూడు. మొగడు తింటుంటె పెండ్లాం సూసుకుంట కూసున్నట్టుంది," అంది. నేను నురగ పట్టించేదాన్ని, మా ఆయన పైపు పట్టేవాడు. మామ షెడ్డు పక్కన మంచం వేసుకుని కూర్చునేవాడు. పనికి చెయ్యి వేసేవాడు కాదు. మేత వేళయిందంటే కూర్చున్నచోటే కాళ్లు కదిలేవి. సాయంత్రం మంద మళ్లే వేళకు లేచి రోడ్డు వైపు నాలుగడుగులు వేసి, ఏమీ లేదని గుర్తొచ్చి వెనక్కు తిరిగేవాడు. నేను చూడనట్టు తల వంచుకునేదాన్ని. ఒక్కటే మాట అనేవాడు, అది కూడా విసుగ్గా: "పైన పైన కడుగుతున్నరు. కడుపు కింద ఎవడు కడుగుతడు?" గొర్రెను కడిగేటప్పుడు కడుపు కిందే అసలు మురికి. నిజమే అనిపించి, ఆ రోజు నుంచి ప్రతి బండి కిందికీ మొదలు పోయేదాన్ని. చీర కొంగు నడుముకు చుట్టి, వెల్లకిలా పడుకుని, చక్రాల పైన పేరుకున్న మట్టిని వేళ్లతో తీసేదాన్ని. ట్రాక్టర్ల వాళ్లకు ఆ పని నచ్చింది. "గా షెడ్డుల కింద గూడ కడుగుతరు" అని నలుగురు అనుకున్నారు.

రెండో ఏడు వానాకాలంలో నేను చేసిన తప్పు ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు ఝల్లుమంటుంది. మా ఆయన రబ్బరు కోసం మోత్కూర్ పోయాడు, పంపు ఎలాగో నడుస్తోంది. ఒక కొత్త కారు వచ్చి ఆగింది. గుట్టలో పూజ చేయించుకుని వస్తున్నారు, ముందు పూలదండ వేలాడుతోంది. దారిలో గుంటలో పడి ఒక పక్కంతా ఎర్రమట్టి. నడిపేది నలభై ఏళ్ల మనిషి, కార్లు కిరాయికి తిప్పుతాడట. వెనక సీట్లో వాళ్లమ్మ. "అక్కా, బురద పడ్డది, జర కడుగు," అని చెప్పి తల్లిని తీసుకుని ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గరికి పోయాడు. నేను మొదలుపెట్టాను. బానెట్ మీద పసుపు, కుంకుమతో స్వస్తిక్ వేసి ఉంది. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఎవరి గొర్రెలో తెలియడానికి వీపు మీద ఎర్రటి జాజు గుర్తు పెడతాము. ఉన్ని కత్తిరించే ముందు కడిగేటప్పుడు ఆ రంగు చుక్క కూడా మిగలకూడదు, మిగిలితే ఉన్ని ధర పోతుంది. పెళ్లయిన దగ్గర నుంచి ప్రతి కడుగుడులోనూ నా పని అదే, ఎరుపు కనబడిన చోట గట్టిగా రుద్దడం. చెయ్యి దానంతటదే పోయింది. రెండుసార్లు నురగ పట్టించి, బట్టతో రుద్ది రుద్ది, బానెట్‌ను అద్దం చేశాను. ఎంత మంచిగా తోమానో అని లోపల మురిసిపోయాను కూడా.

ముసలమ్మ రోడ్డు దాటుతూనే చూసింది. "అయ్యో! దేవుని బొట్టు తుడిచిపెట్టినవా బిడ్డా! ఇంటికన్న చేరలేదు గద బండి!" అని రోడ్డు మీదే కూలబడింది. కొడుకు ఉరికొచ్చాడు.

"మట్టి కడగమంటె బొట్టు కడుగుతవా? నీకు తెలివున్నదా?"

"చెయ్యి పోయింది అన్నా, గొర్లకు..." అన్నాను.

"గొర్లేంది? గిది గొర్రె లెక్క కొడుతుందా నీకు?"

చాయ్ బండి దగ్గరి జనం గుమిగూడారు. మళ్లీ గుట్టకు పోవాలి, ఖర్చు మీరే పెట్టుకోవాలి, మీ షెడ్డు సంగతి అందరికీ చెప్తానని అరుస్తున్నాడు. పోతే పోయింది ఒక్క బండి అనుకునే రోజులు కావు అవి. ఈ మనిషి నోరు పడితే మూడో ఎండాకాలం దాకా ఆగనక్కర లేదు, షెడ్డు రేపే పీకొచ్చు. నా కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మంచం కిర్రుమంది. మామ లేచాడు. ఎవరినీ పట్టించుకోకుండా నేరుగా ముసలమ్మ దగ్గరికి పోయి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, మా కోడలిది గొర్లు కడిగే చెయ్యి. ఎరుపు కనవడితె ఊకోదు. తప్పే. నా కాడ మా బీరప్ప బండారి ఉంది. పెట్టమంటవా?"

బండారి అంటే మా దేవుడు బీరప్ప దగ్గర పెట్టిన పసుపు. మామ నడుముకు ఎప్పుడూ చిన్న సంచిలో ఉండేది. ముసలమ్మ ముక్కు తుడుచుకుని ఆయనను తేరిపార చూసింది. "మీరు కురుమోళ్లా?" అంది. "మా అవ్వగారి ఊర్ల మీ బీరప్ప గుడి మా ఇంటి పక్కనే. పెట్టు తమ్మీ."

మామ చేతులు కడుక్కుని బానెట్ మీద మూడు వేళ్లతో బండారి పూశాడు. తర్వాత కాలువ కిందికి బయలుదేరే పొద్దున మందకు ఏం చెప్పేవాడో అదే చెప్పాడు, ఒక్క మాట మార్చకుండా: "ముల్లు తాకద్దు, తోడేలు సూడద్దు, దారి తప్పద్దు, పోయినన్ని తిరిగి రావాలె." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వలేదు. తోడేలు సంగతి కారుకెందుకని ఎవరూ అడగలేదు. ముసలమ్మ లేచి మామ చేతిలో రెండు అరటిపళ్లు పెట్టింది. కొడుకు డబ్బులు లెక్క ప్రకారం ఇచ్చి, నా వైపు చూడకుండా బండెక్కాడు.

పది రోజుల తర్వాత ఆ మనిషే ఇంకో కారు పట్టుకొచ్చాడు. "మా అమ్మ తోలింది. పెద్దాయనతోని పెట్టించుకొని రమ్మన్నది," అన్నాడు తల గోక్కుంటూ. ఆ తర్వాత అతని కార్లన్నీ వచ్చాయి, అతని దోస్తులవి వచ్చాయి. గుట్ట నుంచి తిరిగొచ్చే కొత్త బండ్లు ఆగడం మొదలైంది. కడిగించుకుని, బండారి పెట్టించుకుని పోయేవాళ్లు. కొందరు మామ మంచం మీద పదో, యాభయో పెట్టబోయేవాళ్లు, ఆయన ముట్టుకునేవాడు కాదు, మంచం మీద నుంచి తీసి వాళ్ల జేబులోనే వేసేవాడు. ఆ మూడు నెలల్లో కడిగిన కూలీతోనే ఎనిమిది గొర్రెలంత మిగిలింది. మా ఆయనకు ఆశ పుట్టింది. ఒక పొద్దున కొత్త బోర్డు తెచ్చి కట్టాడు. "కారు వాష్, బండారి పూజతో సహా" అని, పక్కన ధర.

నేను మామకు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది. ఆయన అరవలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కబోయాడు. మా ఆయన ఉరికొచ్చి పట్టుకున్నాడు.

"నీళ్లకు తీస్కో పైసలు," అన్నాడు మామ. "సబ్బుకు తీస్కో. నీ నడుం నొప్పికి తీస్కో. బండారికి రేటు పెట్టకు."

"బాపూ, నీ కోసమే గద! గిట్ల పోతె ఎండకాలం నాటికి అరువై గొర్లు నిలబెడత. బోర్డు తీసేస్తె పదిహేను గూడ రావు."

"పదిహేనే రానీ."

"నీ గడువు నువ్వే పెట్టినవ్ గద! రాకుంటె నన్ను పట్నం పొమ్మంటివి!"

"అవ్, అన్న. ఆ మాట మీదనే ఉన్న," అన్నాడు మామ. "గా పైసల గొర్లు నాకద్దు. వాటి ఎన్క నేను నడవలేను."

అత్త లోపలికి పోయి కొడవలి తెచ్చి బోర్డు తాడు కోసింది. నాలుగో రోజు రాత్రి పడుకున్నాక మా ఆయన నాతో అన్నాడు, "సుగుణా, నాకు మళ్ల పట్నం పోబుద్ధయితలేదు. ఏం జేద్దం?" కడుగుదాం అన్నాను. ఇంకేముంది చెప్పడానికి?

అట్లా మొదలైంది మా అసలు కష్టం. కొత్త కారు ఒక్కటి కడిగి ఎక్కువ ధర తీసుకునే ఆశ వదులుకుని, ఎవరూ ఒప్పుకోని బండ్లు ఒప్పుకున్నాము. వరి కోసే మిషన్లు వచ్చేవి. పొలం మొత్తాన్ని కడుపులో పెట్టుకుని వచ్చినట్టుండేవి. ఒక్కొక్కదానికి సగం పూట పట్టేది, లోపల గడ్డి, బురద, కప్పలు. పందుల బండ్లు, కోళ్ల బండ్లు కూడా కడిగాము; ఆ రోజు అత్త నన్ను స్నానం చేసేదాకా వంటింట్లోకి రానిచ్చేది కాదు. బడి బస్సులు ఆదివారం తెల్లవారకముందే వచ్చేవి. దసరా ముందు రెండు రోజులు అన్నం నిలబడే తిన్నాము. నా కాలివేళ్ల సందులు పాచిపోయి, అత్త రోజూ రాత్రి ఆముదం వెచ్చచేసి రాసేది. మామ మాత్రం ఎవరైనా అడిగితే బండారి పెట్టేవాడు, ఊరికే. అడగకపోతే తనకై తాను లేచేవాడు కాదు. డబ్బు కాస్త చేరగానే మా ఆయన వారం సంతకు పోయి రెండో మూడో గొర్రెలు తెచ్చేవాడు. మొదటి జత దొడ్డిలోకి వచ్చిన సాయంత్రం మామ వాటి ముందు చాలాసేపు నిలబడి, "గీ నల్లదానికి పొగరుంది," అన్నాడు. అదొక్కటే. ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

మూడో ఎండాకాలం వచ్చేనాటికి దొడ్డిలో కొన్నవీ, ఈనినవీ కలిపి ముప్పై నాలుగు. అరవై కాదు. మా ఆయన తండ్రి ముందు తల వంచుకుని నిలబడ్డాడు. షెడ్డు పీకమంటాడేమోనని నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. మామ దొడ్డిలోకి పోయాడు. ఒక్కొక్కదాని ముఖం చూసుకుంటూ, వీపు నిమురుకుంటూ మొత్తం తిరిగి వచ్చాడు.

"మందనే," అన్నాడు.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు, పొద్దు పొడుస్తుండగా మా షెడ్డు ముందు నుంచే మంద కదిలింది. అటూ ఇటూ కార్లు ఆగాయి. ఒకడు హారన్ కొడితే అత్త వెళ్లి అతని అద్దం మీద వేలితో తట్టి, "ఆగు నాయినా, మూడేండ్లాయె వీళ్లు గీ దారిన పోక," అంది. మామ వెనక్కి చూడలేదు. నడకలో పన్నెండేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు.

ఇప్పుడు ఆ రోడ్డు మీద మాది కాక ఇంకో నాలుగు షెడ్లున్నాయి. నురగ కొట్టే గన్నులు, దుమ్ము పీల్చే మిషన్లు వచ్చాయి. డబ్బులు ఎవరూ చేతిలో పెట్టరు, ఫోన్‌లో కొడతారు, డబ్బులు పడ్డాయని ఒక డబ్బా అరుస్తుంది. "రాసుకో మల్లన్నా" అనేవాళ్లు ఎవరూ లేరు. ఇంట్లో ఉన్ని వాసన పోయి షాంపూ వాసన వచ్చింది. ఎవరైనా మంచివాళ్లని చెప్పడానికి మా చిన్నబిడ్డ "షాంపూ వాసనొస్తుంది" అంటుంది. అప్పుడు నీళ్లు ఊరికే పోయేవి, ఇప్పుడు గుంత తవ్వి, తేర్చి, మళ్లీ వాడుతున్నాము. నడుము అప్పుడే బాగుండేది. కానీ రాత్రి అందరం ఒక్క చోట అన్నం తింటున్నాము, మా ఆయన పట్నం మాట ఎత్తి ఎన్నేళ్లయిందో. మామకు మోకాళ్లు పట్టేశాయి, మందను ఇప్పుడు మామ తమ్ముని కొడుకు, నాకు వరసకు మరిది, తోలుకుపోతున్నాడు. పోయిన ఆదివారం నరేశ్ ఆయన మంచం దగ్గర కూర్చుని, "తాతా, నువ్వన్న చెప్పు, పెట్టాల్నా వద్దా?" అని అడిగితే, "పెట్టు బిడ్డా. మీ కాలువ కింద బురదకేం కరువు లేదు," అని గలగలా నవ్వాడు.

నరేశ్‌కు నేను చెప్పలేకపోయిన సంగతి ఇది. లాభం ఉందని నాకు తెలిసింది డబ్బు చూసినప్పుడు కాదు. మామ మందతో వెళ్లిపోయిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం. అప్పటిదాకా బండ్లు మా పని కోసం వస్తున్నాయా, ఆయన బండారి కోసం వస్తున్నాయా అని నాకు లోపల ఒక భయం ఉండేది. పొద్దున్నే ఒక కొత్త కారు గుట్ట వైపు నుంచి వచ్చి ర్యాంపు ముందు ఆగింది. దిగిన మనిషి మంచం వైపు చూశాడు. మంచం ఖాళీ.

"పెద్దాయన లేడా? బండారి పెడతడంట గద?"

మా ఆయన నా వైపు చూశాడు. ఇంట్లో దేవుడి దగ్గర బండారి ఉంది, తెచ్చి పెట్టొచ్చు, ఎవరు కాదంటారు? ఆ మాట ఆయన పెదాల దాకా వచ్చిందని నాకు తెలుసు. మింగాడు.

"మా బాపు మందను కొట్టుకొని కాలువ కిందికి పోయిండు. మిరుగు దాక రాడు," అన్నాడు. "మా కాడ కడుగుడు ఒక్కటే ఉంది అన్నా."

ఆ మనిషి తాళం చెవి వేలికి తిప్పుకుంటూ రోడ్డు వైపు చూశాడు, కారు వైపు చూశాడు. అత్త చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ముందుకు పోతే మోత్కూర్, వెనక్కు పోతే గుట్ట; ఇక్కడే కడిగించుకోవాలన్న పట్టింపు అతనికేమీ లేదు, ఎక్కి పోతే పోవచ్చు.

"కింద గూడ కడుగుతరంట గద మీరు?" అన్నాడు.

"కిందనే మొదలు కడుగుతం," అన్నాను నేను.

"అయితె కానీయుండ్రి," అని తాళం మా ఆయన చేతిలో పెట్టాడు.